పైథాన్‌లో తెలుగు పేర్లు: ‘ధర’ నడిచింది, ‘సాఫ్ట్‌వేర్_ధర’ ఎందుకు ఆగింది?

మాస్టారూ, మీ ప్రశ్నను ముందు నాలుగు మాటల్లో చెప్పి మొదలుపెడతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు పైథాన్ చెబుతూ, వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టించి చూస్తున్నారు. ధర, సంఖ్య, మొత్తం అన్నీ చక్కగా నడిచాయి. సాఫ్ట్‌వేర్_ధర అని పెట్టగానే సింటాక్స్ ఎర్రర్ వచ్చింది. పాఠ్యపుస్తకంలోని నియమాలన్నీ సరిచూశారు: అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప వేరేవి ఉండకూడదు, అంకెతో మొదలవకూడదు, కీవర్డ్ కాకూడదు, 31 అక్షరాలు దాటకూడదు. ఒక్కటీ తప్పలేదు. మరి ఎందుకు ఆగింది, అసలు తెలుగులో పేర్లు పెట్టించడం మంచి పనేనా అని అడిగారు.

మీరు చూసిన నియమాలతో ఆ తప్పు దొరకదు. ఆ పేరులో కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంది, పైథాన్ ఆగింది దాని దగ్గరే.

సాఫ్ట్ పక్కన వేర్ విడిగా నిలబడాలంటే, వ అనే అక్షరం ట కింద ఒత్తుగా వెళ్లకుండా ఆపాలి. ఆపకపోతే అది ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. ఆపడానికి ట్ తర్వాత మన కీబోర్డు ఒక గుర్తును పెడుతుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో దాని సంఖ్య యూ+200సి. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. ఫోన్ కీబోర్డు సూచనల్లోంచి పదాన్ని ఎంచుకుంటే అది లోపలే ఉండి వచ్చేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఆ పదం పొడవును పైథాన్‌నే అడిగి చూడండి. మనకు కనపడేవి సా, ఫ్ట్, వే, ర్ అని నాలుగు. పైథాన్ 11 అంటుంది: స, దీర్ఘం, ఫ, పొల్లు, ట, పొల్లు, ఆ కనపడని గుర్తు, వ, ఏత్వం, ర, పొల్లు. ఈ 11లో పదింటికి పేర్లలో చోటుంది, ఏడోదానికి లేదు. కొత్త వెర్షన్లలో ఎర్రర్ కూడా సూటిగానే చెబుతుంది, ‘ఇన్‌వాలిడ్ నాన్ ప్రింటబుల్ క్యారెక్టర్ యూ+200సి’ అని. పాత వెర్షన్లయితే ‘ఐడెంటిఫయర్‌లో చెల్లని అక్షరం’ అని మాత్రమే చెప్పి ఊరుకునేవి, ఏ అక్షరమో వెతుక్కోవడం మన పని.

పరిష్కారం సులువు. ఆ గుర్తు ఉండే చోట అండర్‌స్కోర్ పెట్టించండి: సాఫ్ట్_వేర్_ధర. అండర్‌స్కోర్ మధ్యలో ఉంటే ఒత్తు పడే అవకాశమే లేదు కాబట్టి చదవడానికీ బాగుంటుంది, పైథాన్‌కూ అభ్యంతరం ఉండదు.

ఇక నియమం సంగతి. పుస్తకాల్లో ‘అక్షరాలు’ అని రాసిన చోట ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని రాశారు. పైథాన్ 2 వరకు అది నిజం కూడా. 2007లో మార్టిన్ ఫాన్ లోవిస్ రాసిన పెప్ 3131 అనే ప్రతిపాదనతో ఇది మారింది, 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.0 నుంచి అమల్లో ఉంది. అప్పటి నుంచి ఏది అక్షరం, ఏది కాదు అన్నది పైథాన్ సొంతంగా నిర్ణయించదు, యూనికోడ్ పట్టికను చూస్తుంది. పేరు మొదట్లో రాదగినవి ఒక జాబితా, మధ్యలోనూ చివరా రాదగినవి ఇంకొంచెం పెద్ద జాబితా. తెలుగు అచ్చులు, హల్లులు అన్నీ మొదటి జాబితాలో ఉన్నాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా, విసర్గ, తెలుగు అంకెలు రెండో జాబితాలో మాత్రమే ఉన్నాయి, అంటే ఇవి పేరు మొదట్లో రాకూడదు, తర్వాత ఎక్కడైనా రావచ్చు. కనపడని ఆ గుర్తు రెండింటిలోనూ లేదు. రూపాయి గుర్తు ₹ కూడా లేదు, అది డబ్బు గుర్తు కిందికి వస్తుంది. జావాలోనేమో డబ్బు గుర్తులు పేర్లలో వాడుకోవచ్చు. మీ విద్యార్థి ఎవరైనా జావా వీడియో చూసి వచ్చి ₹ధర అని పైథాన్‌లో రాస్తే అక్కడే ఆగిపోతుంది.

మొత్తంగా గుర్తుంచుకోవలసింది ఒకటే. మనం పేరును ఆకారంగా చూస్తాం, పైథాన్ సంఖ్యల వరసగా చదువుతుంది. ఈ రెండూ ఎక్కడ విడిపోతాయో తెలిస్తే తెలుగు పేర్లతో టెన్షన్ ఉండదు. అవి ఎక్కడెక్కడ విడిపోతాయో ఒక్కొక్కటీ చూద్దాం.

మొదట అంకెలు. ధర౧, ధర1 రెండూ చెల్లే పేర్లే, కానీ రెండు వేర్వేరు పేర్లు. ఒకదానిలో విలువ పెట్టి రెండోదాన్ని పిలిస్తే నేమ్ ఎర్రర్ వస్తుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది: యూజర్ టైప్ చేసిన ‘౧౨౦’ అనే స్ట్రింగ్‌ను ఇంట్ ఫంక్షన్‌కు ఇస్తే చక్కగా 120 అని మార్చి ఇస్తుంది, కానీ ప్రోగ్రాంలో నేరుగా ౧౨౦ అని సంఖ్యలా రాస్తే ఒప్పుకోదు. పిల్లలకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది, అడుగుతారు కూడా. కోడ్‌లో రాసే సంఖ్యలకు 0 నుంచి 9 వరకు మామూలు అంకెలే అన్నది భాష వ్యాకరణం. స్ట్రింగ్‌ను చదివే ఫంక్షన్ మాత్రం యూనికోడ్‌లో దశాంశ అంకె అని ముద్ర ఉన్న దేన్నైనా తీసుకుంటుంది. నేనైతే పేర్లలో తెలుగు అంకెలు వద్దనే చెబుతాను. తెలుగు సున్నా అంకె ౦, అనుస్వారం ం పక్కపక్కన పెట్టి చూడండి, చాలా ఫాంట్లలో తేడా పట్టలేం. మొత్తం అనే పదం చివర పొరపాటున సున్నా అంకె పడితే పైథాన్ ఏమీ అనదు, అది కూడా చెల్లే పేరే. తప్పు బయటపడేది వాడుకునే చోట.

పోలికతో వచ్చే తిప్పలు ఇంకా ఉన్నాయి. మ, వు చూడండి. హ, వా చూడండి. చిన్న సైజు ఫాంటులో ఇవి దాదాపు ఒకేలా ఉంటాయి. చదువు అనే పేరును ఎవరైనా చదుమ అని టైప్ చేస్తే ఎర్రర్ మెసేజ్‌ను పదిసార్లు చదివినా అర్థం కాదు. కన్నడ కీబోర్డు కూడా ఉన్న ఫోన్లలో ఇంకో ప్రమాదం. కన్నడ అ, ర లాంటి అక్షరాలు మన వాటిలాగే ఉంటాయి గానీ యూనికోడ్‌లో వాటి సంఖ్యలు వేరు. ఇలా ఒకేలా కనపడే అక్షరాలతో సోర్స్ కోడ్‌లో మోసం చేయవచ్చని 2021 నవంబరులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ చూపించాక ఎడిటర్లూ కంపైలర్లూ మేల్కొన్నాయి. రస్ట్ అనే భాష కంపైలరయితే 2021 జూన్‌లో 1.53 వెర్షన్‌తో ఇతర భాషల పేర్లను అనుమతించినప్పుడే, ఒకదానితో ఒకటి పొరబడేలా ఉన్న పేర్లు కనపడితే హెచ్చరించే ఏర్పాటు చేసుకుంది. వీఎస్ కోడ్‌లో కూడా కనపడని అక్షరాలను, పొరబడే అక్షరాలను గుర్తించి చూపే సెట్టింగు ఉంది. మీ ల్యాబ్ మెషీన్లలో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

కొన్ని చోట్ల పైథాన్ మన తరఫున సర్దుకుంటుంది. ఐత్వం గుర్తు ై ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే సంఖ్యగా రాయవచ్చు, లేదా ఎత్వం గుర్తు, దాని కింద వేలాడే ఐత్వపు కొస అని రెండు సంఖ్యలుగా రాయవచ్చు. రైతు అనే పేరును ఒక ఫైల్లో ఒక రకంగా, ఇంకో ఫైల్లో రెండో రకంగా టైప్ చేసినా పైథాన్ రెండింటినీ ఒకటే చేసి చదువుతుంది. దీన్ని నార్మలైజేషన్ అంటారు, పైథాన్ వాడేది ఎన్ఎఫ్‌కేసీ అనే పద్ధతి. జావాస్క్రిప్ట్ ఈ పని చేయదు, రెండు రకాల రైతూ దానికి రెండు పేర్లు. పైథాన్‌లో కూడా ఇది కోడ్‌లో రాసిన పేర్లకే. గెట్ఆట్రిబ్యూట్ (getattr) ఫంక్షన్‌కు స్ట్రింగ్ రూపంలో పేరు ఇస్తే ఉన్నది ఉన్నట్టే పోల్చుకుంటుంది, సర్దదు. ఇది మీ క్లాసులో ఎదురయ్యేది కాదు గానీ, తెలుగు హెడ్డింగులున్న సీఎస్‌వీ ఫైలును చదివి వాటినే ఆట్రిబ్యూట్లుగా మార్చే ప్రాజెక్టు ఎవరికైనా ఇస్తే గుర్తుంచుకోండి.

కానీ సర్దలేనిది ఒకటుంది, మీ క్లాసులో రోజూ వచ్చేది అదే: స్పెల్లింగు. పెళ్లి, పెళ్ళి రెండూ సరైనవే. నీళ్లు, నీళ్ళు రెండూ పుస్తకాల్లో ఉంటాయి. ఇంగ్లిష్ అనే మాటనే ఎన్ని రకాలుగా రాస్తామో లెక్కలేదు. పైథాన్‌కు ఇవన్నీ వేర్వేరు పేర్లు. జతగా పనిచేసే పిల్లల్లో ఒకరు వేసవి_నీళ్లు అని పెడితే ఇంకొకరు ళ్ళు అని టైప్ చేస్తారు. 3.10 వెర్షన్ నుంచి పేరు దొరకనప్పుడు ‘మీరు ఫలానాది అనుకున్నారా’ అని దగ్గరి పేరును సూచించే ప్రయత్నం చేస్తుంది కాబట్టి కొత్త వెర్షనే వాడించండి. దానికంటే ముఖ్యం, పేరును రెండోసారి చేత్తో టైప్ చేయకుండా ఎడిటర్ చూపే సూచనల నుంచి ఎంచుకోవడం మొదటిరోజే అలవాటు చేయించండి. ఇంగ్లిష్ పేర్లకు ఇది సౌకర్యం మాత్రమే, తెలుగు పేర్లకు ఇది తప్పనిసరి.

ఇప్పుడు 31 అక్షరాల సంగతి. పైథాన్‌కు అలాంటి పరిమితి లేదు. అది సీ భాష నుంచి మన పుస్తకాల్లోకి వచ్చి, ఏ భాష పుస్తకం రాసినా అలాగే ఉండిపోయింది. సీలో కూడా దాని అర్థం ‘దాటకూడదు’ అని కాదు. 1989 నాటి ప్రమాణం ప్రకారం ఒక ఫైలు లోపలి పేర్లలో మొదటి 31 అక్షరాలను కంపైలర్ తప్పక పోల్చి చూడాలి, ఫైళ్ల మధ్య పంచుకునే పేర్లలోనైతే మొదటి ఆరు చాలు. అంటే ఏడో అక్షరం దగ్గర మాత్రమే తేడా ఉన్న రెండు పేర్లను అప్పటి లింకర్ (ఫైళ్లను కలిపే ప్రోగ్రాం) ఒకటే అనుకోవచ్చు. 1999 ప్రమాణంలో ఆ ఆరు 31 అయింది, లోపలి పేర్లకు 63 అయింది. ఆరు అక్షరాల లెక్క ఇంకా పాతది, ఐబీఎమ్‌లో జాన్ బాకస్ బృందం 1957లో తెచ్చిన ఫోర్‌ట్రాన్‌లో పేరుకు గరిష్ఠంగా ఆరు అక్షరాలే. అందులోనే ఐ నుంచి ఎన్ వరకు ఉన్న అక్షరాలతో మొదలయ్యే పేర్లు పూర్ణాంకాలు అని నియమం ఉండేది. లూపుల్లో ఐ, జె వాడే అలవాటుకు అది కూడా ఒక కారణం. పరీక్షలో అడిగితే పిల్లలు పుస్తకంలో ఉన్నదే రాయాలి కాబట్టి 31 అని చెప్పించండి, కానీ ల్యాబులో ఆ భయంతో పేర్లను కత్తిరించనివ్వకండి.

కీవర్డుల విషయంలో తెలుగు పేర్లకు నిజమైన లాభం ఉంది. మీ ప్రయోగాన్ని నేను సమర్థించడానికి అసలు కారణం ఇదే. పైథాన్‌లో 35 కీవర్డులు ఉన్నాయి, ఇఫ్, ఫర్, డెఫ్, క్లాస్ లాంటివి. వీటిని పేర్లుగా పెడితే వెంటనే ఎర్రర్ వస్తుంది, కాబట్టి వీటితో పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా కీవర్డులు కాని పైథాన్ సొంత పేర్లతో: లిస్ట్, సమ్, మ్యాక్స్, ఇన్‌పుట్, ఐడీ, ప్రింట్. ఇవి పైథాన్ ముందే ఇచ్చిన మామూలు పేర్లు, వీటిని మనం తిరిగి వాడుకుంటే అది అడ్డు చెప్పదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మార్కుల జాబితాకు లిస్ట్ అని పేరు పెట్టేస్తారు. అది నడుస్తుంది. ఇరవై లైన్ల తర్వాత దేన్నో లిస్టుగా మార్చాలని లిస్ట్ ఫంక్షన్‌ను పిలిస్తే, ‘లిస్ట్ ఆబ్జెక్ట్‌ను పిలవలేం’ అని ఎర్రర్ వస్తుంది. తప్పు చేసింది ఒకచోట, బయటపడింది ఇంకోచోట. మొదటి నెలలో పిల్లలు నాకు తెచ్చి చూపే ఎర్రర్లలో ఎక్కువసార్లు కనపడేది ఇదే. జాబితా అని తెలుగులో పెట్టిన పిల్లకు ఈ కష్టం రానే రాదు. పైథాన్ కీవర్డుల్లోగానీ, ముందే ఇచ్చిన పేర్లలోగానీ, దాంతో వచ్చే లైబ్రరీల్లోగానీ తెలుగు పేరు ఒక్కటీ లేదు, ఉండదు కూడా, ఎందుకంటే ఆ లైబ్రరీల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలని పెప్ 3131లోనే రాశారు. దీంతో ఇంకో మేలు కూడా ఉంది. పేజీ చూడగానే ఏవి భాష ఇచ్చిన మాటలో, ఏవి తాము పెట్టుకున్న మాటలో లిపిని బట్టే పిల్లలకు తెలిసిపోతుంది. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలకు ఈ తేడా పట్టుకోవడమే అన్నిటికంటే కష్టం. ‘సార్, టోటల్ అని రాస్తేనే కూడిక అవుతుందా?’ అని అడిగే పిల్లలు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. మొత్తం అని రాసిన చోట ఆ సందేహం పుట్టదు.

కీవర్డులు మారుతూ ఉంటాయన్నది కూడా చెప్పండి. 2018లో 3.7 వచ్చినప్పుడు అసింక్, అవెయిట్ కొత్తగా కీవర్డులయ్యాయి, అప్పటికే అసింక్ అనే పేరును వాడుకున్న లైబ్రరీలు ఆ వెర్షన్‌లో ఆగిపోయాయి, పేర్లు మార్చుకోవలసి వచ్చింది. ఆ అనుభవం తర్వాత 3.10లో మ్యాచ్, కేస్ తెచ్చినప్పుడు వాటిని మెత్తని కీవర్డులుగా తెచ్చారు. అవసరమైన చోట కీవర్డు, మిగతా చోట్ల మామూలు పేరు.

అండర్‌స్కోర్ గురించి క్లుప్తంగా. ముందు ఒక అండర్‌స్కోర్ ఉంటే ‘ఇది లోపలి వాడకానికి, బయటివాళ్లు ముట్టుకోకండి’ అని మర్యాద మాత్రమే, భాష అడ్డుకోదు. క్లాసు లోపల ముందు రెండు ఉంటే మాత్రం పైథాన్ పేరునే మార్చేస్తుంది. ఖాతా అనే క్లాసులో __నిల్వ అని పెడితే లోపల అది _ఖాతా__నిల్వ అవుతుంది, అందుకే బయటి నుంచి అడిగితే దొరకదు. ముందూ వెనకా రెండేసి ఉన్నవి భాష సొంతానికి, కొత్తవి మనం తయారుచేయకూడదు. హైఫన్ మాత్రం ఎక్కడా పనికిరాదు, మొత్తం-ధర అంటే మొత్తంలోంచి ధర తీసేయమనే అర్థం.

తెలుగు పేర్లు ఇబ్బంది పడేది చిన్నక్షరం, పెద్దక్షరం తేడా దగ్గర. మన లిపిలో ఆ తేడా లేదు. పైథాన్ శైలిని నిర్దేశించే పెప్ 8లో పేర్ల గురించి చెప్పినవి చాలావరకు దాని మీదే నిలబడి ఉన్నాయి: క్లాసు పేరు పెద్దక్షరంతో మొదలవాలి, మారని విలువలు అన్నీ పెద్దక్షరాల్లో ఉండాలి, మామూలు వేరియబుళ్లు చిన్నక్షరాల్లో. తెలుగులో ఖాతా అంటే అది క్లాసో, ఆ క్లాసుతో చేసిన ఒక వస్తువో చూసి చెప్పలేం. వేరియబుళ్లు, లూపులు, ఫంక్షన్లు నేర్పినన్నాళ్లు ఇది అడ్డం రాదు. క్లాసులు మొదలుపెట్టే రోజు వచ్చేసరికి ఇంగ్లిష్ పేర్లకు మారిపోవడమే నా సలహా. అప్పటికి పిల్లలకు పేరు అంటే ఏమిటో, దాని పని ఏమిటో బాగా తెలిసి ఉంటుంది, భాష మారినా తడబడరు.

మారడానికి ఇంకో కారణం, మిగతా భాషలు. గో భాషలో పేరులో అక్షరాలూ అంకెలూ అండర్‌స్కోరూ మాత్రమే ఉండాలి, అక్షరం అంటే యూనికోడ్‌లో అక్షరం అని ముద్ర ఉన్నదే. గుణింతపు గుర్తులకూ పొల్లుకూ సున్నాకూ ఆ ముద్ర లేదు. అందుకే గోలో ధర చెల్లుతుంది, కథ చెల్లుతుంది, మొత్తం చెల్లదు, సంఖ్య చెల్లదు. గుణింతాలు లేకుండా తెలుగు ఎంత రాయగలం చెప్పండి. పైగా ఒక ప్యాకేజీలోని పేరు బయటికి కనపడాలంటే గోలో అది పెద్దక్షరంతో మొదలవాలి, మనకు పెద్దక్షరాలే లేవు. ఇంగ్లిష్, రష్యన్, గ్రీకు లిపులకు సరిపోయే నియమం రాసుకుని అదే ప్రపంచమంతటికీ చాలనుకున్నారు, ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. జావాస్క్రిప్ట్ దీనికి పూర్తిగా ఎదురు: 2009లో వచ్చిన ఐదో ప్రమాణం నుంచి కనపడని ఆ గుర్తును కూడా పేరు మధ్యలో అనుమతిస్తుంది. మీ సాఫ్ట్‌వేర్_ధర అక్కడ ఉన్నది ఉన్నట్టు నడుస్తుంది. కాకపోతే ఆ గుర్తు ఉన్న పేరు, లేని పేరు రెండు వేర్వేరు పేర్లవుతాయి.

డేటాబేసులో మాత్రం తెలుగు కాలమ్ పేర్లు అసలు వద్దు. పోస్ట్‌గ్రెస్ ఉదాహరణ చెబుతాను. అందులో పేరుకు పరిమితి 63 బైట్లు. లెక్క బైట్లలో, అక్షరాల్లో కాదు. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది. రైతు_బ్యాంకు_ఖాతా_సంఖ్య అనే పేరును లెక్కపెట్టండి: గుర్తులు 20, అంటే 60 బైట్లు, అండర్‌స్కోర్లు మూడు, మొత్తం సరిగ్గా 63. దీని తర్వాత ఏది రాసినా కత్తిరించేస్తుంది, ఒక నోటీసు చూపిస్తుంది గానీ ఆగదు. రైతు_బ్యాంకు_ఖాతా_సంఖ్య_పాతది, రైతు_బ్యాంకు_ఖాతా_సంఖ్య_కొత్తది అని ఒకే టేబుల్లో రెండు కాలమ్‌లు అడిగితే, కత్తిరించాక రెండూ ఒకటే అయిపోయి, ఒకే కాలమ్‌ను రెండుసార్లు ఇచ్చారని ఎర్రర్ వస్తుంది. ఇంగ్లిష్‌లో 63 అక్షరాలంటే ఎవరూ చేరుకోని దూరం, తెలుగులో నాలుగు మాటలకే గోడ తగులుతుంది. ఫైలు పేర్లు కూడా ఇంగ్లిష్‌లోనే ఉంచండి, ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు వెళ్లేటప్పుడు వాటి గతి ఏమవుతుందో మన చేతిలో ఉండదు.

మరి తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే రెండు విధాలా సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. నా దృష్టిలో మూడు దారుల్లో ఇదే చెడ్డది. ధర, ధార, దార ఆ అక్షరాల్లో దాదాపు ఒకటే అయిపోతాయి. వడ్డీని ఒకరు చివర ఐ పెట్టి రాస్తారు, ఇంకొకరు రెండు ఈలు పెడతారు, మూడో మనిషి డీ ఒక్కటే వేస్తాడు. తెలుగు చదవగలిగినవాడు కూడా ఆగి గట్టిగా పలికి చూసుకోవాలి, తెలుగు రానివాడికి ఎలాగూ అర్థం కాదు. పెడితే తెలుగు లిపిలో పెట్టండి, లేకపోతే ఇంగ్లిష్ మాటనే పెట్టండి.

ఇంతవరకు చెప్పింది భాష ఒప్పుకునే పేర్ల గురించి. ఒప్పుకున్నంత మాత్రాన అది మంచి పేరు కాదు, ఆ పని భాష చేయలేదు, మీరే నేర్పాలి. మీ పిల్లలకు భూమి లెక్కల ప్రోగ్రాం ఒకటి ఇవ్వండి, ఎక్కువమంది ఇళ్లలో పాస్‌బుక్ ఉంటుంది కాబట్టి దాని విలువ వెంటనే తెలుస్తుంది. ఒక పిల్లవాడు ఇలా రాశాడనుకోండి:

విస్తీర్ణం = 3.20

భాష దృష్టిలో తప్పేమీ లేదు, తెలుగు బాగుంది, స్పెల్లింగూ సరైనదే. కానీ ఇది ఎంత భూమి? ఆంధ్రలో చదివితే మూడు ఎకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి వంద సెంట్లు కాబట్టి నిజంగానే 3.2 ఎకరాలు. తెలంగాణలో అదే 3.20 అంటే మూడు ఎకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది మూడున్నర ఎకరాలు. ఒకే అంకె, ముప్పై సెంట్ల తేడా. గుంటల లెక్కలో ఆ చుక్క దశాంశ బిందువే కాదు, ఎకరాలనూ గుంటలనూ విడదీసే గీత మాత్రమే. పైథాన్‌కు ఆ సంగతి తెలియదు, 2.35కు 1.10 కలిపి 3.45 అని చెబుతుంది. రెండెకరాల ముప్పై అయిదు గుంటలకు ఎకరం పది గుంటలు కలిపితే నాలుగెకరాల అయిదు గుంటలు. ఇంకా ఘోరం ఏమిటంటే 3.20 అని పెట్టినదాన్ని ప్రింట్ చేస్తే 3.2 అని వస్తుంది, దాన్ని చూసినవాళ్లు మూడెకరాల రెండు గుంటలని చదువుకుంటారు.

ఇది పేరుతోనే సరిదిద్దగల తప్పు:

ఎకరాలు = 3
గుంటలు = 20
మొత్తం_గుంటలు = ఎకరాలు * 40 + గుంటలు
విస్తీర్ణం_ఎకరాల్లో = మొత్తం_గుంటలు / 40

ఇందులో ప్రతి పేరూ తన కొలమానాన్ని తనతోనే మోస్తోంది. గుంటలను సెంట్లతో కలపబోతే, రాసేటప్పుడే కంటికి కనపడుతుంది. పై నాలుగు లైన్లను ఉన్నవి ఉన్నట్టు పైథాన్‌లో పెట్టి నడపవచ్చు, 140 గుంటలు, 3.5 ఎకరాలు వస్తాయి. వడ్డీకీ ఇదే పద్ధతి. ఊళ్లో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. బ్యాంకువాళ్లు చెప్పేది ఏడాది శాతం. వడ్డీ = 2 అని రాసినవాడికి తప్ప ఆ రెండు దేనికో ఎవరికీ తెలియదు. నెలకు_నూటికి_వడ్డీ, వార్షిక_వడ్డీ_శాతం అని రెండు పేర్లు పెట్టిస్తే పదివేల అప్పుకు ఏడాదికి రెండు వందలు అనే జవాబు క్లాసులో ఎవరూ తీసుకురారు. ఒక్క అక్షరం పేర్లను మాత్రం లూపు లెక్కింపుకే వదలండి. వాటిలో కూడా ఇంగ్లిష్ చిన్న ఎల్, పెద్ద ఐ, పెద్ద ఓ వద్దని పెప్ 8 చెబుతుంది, అవి ఒకటీ సున్నాలా కనపడతాయి కాబట్టి.

ల్యాబులో పరీక్షించడానికి స్ట్రింగులకు ఈజ్‌ఐడెంటిఫయర్ అనే మెథడ్ ఉంది. పేరును కోట్‌లలో పెట్టి అడిగితే చెల్లుతుందో లేదో ట్రూ, ఫాల్స్ అని చెబుతుంది. అయితే అది కీవర్డులకు కూడా ట్రూ అనే చెబుతుంది, వాటికి కీవర్డ్ మాడ్యూల్లోని ఈజ్‌కీవర్డ్‌ను విడిగా అడగాలి. తెలుగు లైనులో ఎర్రర్ వచ్చినప్పుడు కింద చూపే బాణం గుర్తు చాలాసార్లు పక్కకు జరిగి ఉంటుంది, తెలుగు అక్షరాల వెడల్పులు ఒకేలా ఉండవు కాబట్టి. దాన్ని నమ్మి వెతకవద్దని పిల్లలకు ముందే చెప్పండి. లైను నంబరు చూసుకుని, ఆ లైనులోని పేర్లను ఒక్కొక్కటిగా ఈజ్‌ఐడెంటిఫయర్‌కు ఇచ్చి చూస్తే దోషి నిమిషంలో దొరుకుతుంది.